మూడు వందలు కుట్టించలేని వాళ్ల కోసం

రెండు తెలుగు రాష్ట్రాల చేనేత, జౌళి శాఖల మంత్రులకు బహిరంగ లేఖ





సొంతంగా ఒక బట్టల బ్రాండ్ పెట్టుకోవాలనుకున్నవాళ్లు గార్మెంట్ యూనిట్‌కు ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "క్వాంటిటీ ఎంతండీ?" అని. ఏం కుట్టాలి, ఏ బట్ట, ఎవరి కోసం అన్నవి తర్వాతి సంగతులు. "డిజైనుకు నలభై, యాభై" అనగానే చాలాచోట్ల మాట అక్కడితో ఆగిపోతుంది. మర్యాద తెలిసినవాళ్లు "మా మినిమమ్ రంగుకు 300 అమ్మా, అంతకు తగ్గితే మాకు గిట్టదు" అని చెప్పి పెట్టేస్తారు. ఎగుమతుల మీద నడిచే పెద్ద యూనిట్లయితే వేలల్లో చెబుతాయి. చిన్న జాబ్ వర్క్ యూనిట్ ఏదైనా ఒప్పుకున్నా పీసు ధర బాగా పెంచుతుంది, గడువు మాత్రం ఖాయంగా చెప్పదు.

నేను గార్మెంట్ యూనిట్లలో మర్చండైజర్‌గా పనిచేశాను. ఇప్పుడు కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు బట్ట వెతికిపెట్టడం, శాంపిల్ కుట్టించడం, సరుకు చేయించిపెట్టడం నా పని. ఆ ఫోనుకు అటూ ఇటూ ఉన్న మనుషులిద్దరూ నాకు బాగా తెలుసు. యజమానికి దురాశ లేదు, ఫోన్ చేసిన అమ్మాయికి తెలివి తక్కువా లేదు. ఇద్దరి మధ్యా ఒక లెక్క అడ్డుగా నిలబడింది. దాన్ని ఆ ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా మార్చలేరు. మీరు మార్చగలరు. అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఫోన్ చేసేవాళ్ల సంగతి చెబుతాను. వీళ్లలో మాదాపూర్ నిఫ్ట్‌లో చదువుకుని బయటికొచ్చిన పిల్లలున్నారు. ఇంట్లో బొటిక్ నడుపుతూ, వాట్సాప్‌లో అమ్ముతూ, ఇక సైజుల వారీగా రెడీమేడ్ చేయిద్దామనుకునే గృహిణులున్నారు. ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్లు అడిగే సరుకు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. పాలిచ్చే తల్లులకు వీలైన కుర్తీలు, వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్లకు నడుము దగ్గర ఒరుసుకోని ప్యాంట్లు, లావుగా ఉన్నవాళ్లకు భుజం సరిగ్గా కూర్చునే బ్లౌజులు, నర్సులకు మన ఎండలో భరించగలిగే నూలు యూనిఫాంలు. పెద్ద కంపెనీలకు చిన్న మార్కెట్‌గా కనిపించి వదిలేసినవి ఇవన్నీ. వీటిని ఎవరు కొంటారో, ఏ సైజు ఎక్కువ పోతుందో, ఉతికాక కొలత ఎంత మారుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. నలభై కుట్టించి, అమ్మి, వాడినవాళ్ల మాట విని, నమూనా సరిచేసుకుని, మళ్లీ నలభై కుట్టించాలి. ఆ పద్ధతిలో తప్ప ఈ సరుకు బాగుపడదు.

ఇప్పుడు వాళ్ల ముందున్న లెక్క చూడండి. మూడు డిజైన్లు, ఒక్కోటి మూడు రంగుల్లో, రంగుకు 300. మొత్తం 2,700 పీసులు. పీసు 250 రూపాయలకు పడిందనుకున్నా 6 లక్షల 75 వేలు. ఫొటోలు, ప్యాకింగ్, కొరియర్, వెనక్కి వచ్చే సరుకు దీనిలో లేవు. ముద్రా పథకంలో తరుణ్ కింద వచ్చే అప్పు పరిమితి 10 లక్షలు. ఆ అప్పు దొరికినా మూడింట రెండు వంతులు మొదటి రోజే అట్టపెట్టెల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఎం, ఎల్ సైజులు ముందు అమ్ముడవుతాయి. ఎస్‌లూ డబుల్ ఎక్సెల్‌లూ మిగులుతాయి. ఎం మళ్లీ కావాలంటే ఇంకో 300 చేయించాలి. మిగిలిన సరుకు సగం ధరకు పోతుంది, లేదా సర్ప్లస్ వాళ్లకు కిలోల లెక్కన పోతుంది. అలాంటి అమ్మాయి వ్యాపారం బట్ట బాగాలేక మూతపడలేదు, డబ్బంతా ఒకేసారి సరుకులో ఇరుక్కుని మూతపడింది. ఇలా ఆగిపోయిన బ్రాండ్లను చాలా చూశాను. ప్రతిసారీ ఇంట్లోవాళ్లు అనేది ఒక్కటే, "నీకు వ్యాపారం రాదు" అని. అది నిజం కాదని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఇక యూనిట్ వైపు లెక్క. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారణం ఎక్కడుందో తెలిస్తేనే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. చాలామంది మినిమమ్ అనేది కుట్టు దగ్గర పుడుతుందనుకుంటారు. అసలు అది అంతకు చాలా ముందే, రంగు దగ్గరే పుడుతుంది.

టీషర్టు బట్ట తిరుపూర్‌లోనో మరోచోటో అల్లి, గ్రే క్లాత్‌గా డైయింగ్ యూనిట్‌కు వెళ్తుంది. అక్కడి యంత్రాలకు ఒక్కోదానికీ ఒక కొలత ఉంటుంది. 50 కిలోలు, 100, 250, 500. వంద కిలోల యంత్రంలో ఇరవై కిలోలు వేసినా నీళ్లు కాగాలి, ఆవిరి ఖర్చవ్వాలి, ముందు రంగు పోయేలా యంత్రాన్ని కడగాలి, షేడ్ సరిపోయిందో లేదో చూడాలి, మనిషి అంతసేపూ నిలబడాలి. అందుకే వాళ్లు నిండా వేయనిదే మొదలుపెట్టరు. ఒక కిలో బట్టకు పెద్దవాళ్ల టీషర్టులు నాలుగైదు వస్తాయి. అంటే వంద కిలోల లాట్ ఒకే రంగులో 400 నుంచి 500 టీషర్టులు. "రంగుకు 300" అని కుట్టు యూనిట్ యజమాని చెప్పినప్పుడు అతను నిజానికి డైయింగ్ యంత్రం చెప్పిన మాటనే అప్పజెబుతున్నాడు. చొక్కా గుడ్డలో నూలుకే ముందు రంగు వేసి గళ్లు, చారలు నేయించాలంటే కథ ఇంకా పెద్దది. మిల్లులో ఒక పడుగు బీముకు ఎక్కించడానికే వందల మీటర్లు కావాలి. రోటరీ ప్రింటులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ చేయించాలి, ఆ ఖర్చు పది మీటర్లకైనా పదివేల మీటర్లకైనా ఒకటే. నేసిన లేబుళ్లు వెయ్యికి తక్కువ చేయరు. మనకు కావలసిన రంగులో జిప్పు, గుండీ కావాలన్నా అదే వరుస.

తర్వాత కటింగ్. మాస్టర్ నమూనా గీసి, సైజులుగా పెంచి, మార్కర్ వేసి, టేబుల్ మీద బట్ట పొరలు పొరలుగా పరుస్తాడు. ఎనభై పొరలు ఒకేసారి కోసినా పది పొరలు కోసినా గీతల వెంట కత్తి తిప్పే సమయంలో పెద్ద తేడా ఉండదు. పది పొరలే అయితే ఆ ఖర్చంతా కొద్దిపాటి పీసుల మీదే పడుతుంది.

చివరికి లైన్. ముప్పై మెషీన్లు వరసగా ఉంటాయి. ఒకామె కాలర్, ఒకామె చేయి, ఒకామె పక్క కుట్టు, ఇంకొకామె కాజాలు. కొత్త డిజైన్ ఎక్కిన రోజు లైన్ తడబడుతుంది. ఎవరి దగ్గర పని పోగుపడుతోందో చూసి సూపర్‌వైజర్ మనుషుల్ని మారుస్తాడు. చేతికి అలవాటు పడి పూర్తి వేగం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. వంద పీసుల ఆర్డరైతే లైన్ ఆ పని నేర్చుకునేలోపే ఆర్డర్ అయిపోతుంది. పీస్ రేటు మీద కుట్టే ఆడవాళ్లకు ఇది నేరుగా కడుపు మీద దెబ్బ. వారంలో మూడు డిజైన్లు మారితే ఆ వారం వాళ్ల సంపాదన పడిపోతుంది. చిన్న ఆర్డర్లు తీసుకోమని యూనిట్లను ఊరికే ఒత్తిడి చేస్తే భారం చివరికి వీళ్ల మీదే పడుతుంది. ఈ విషయం మీరు మరిచిపోకూడదని నా మనవి.

యజమానులకు ఇంకో భయం కూడా ఉంది. కొత్త బ్రాండు కటింగ్ అయ్యాక డిజైన్ మార్చమంటుంది, అడ్వాన్స్ ఇచ్చి సరుకు తీసుకోకుండా మాయమవుతుంది, కొలతల పట్టిక లేకుండా ఒక ఫొటో పంపి ఇలా కుట్టమంటుంది. ఇవి జరుగుతున్నవే. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. నలభై వేల బిల్లు కోసం ఏ యజమాని పని మానుకుని ఫెసిలిటేషన్ కౌన్సిల్ చుట్టూ తిరుగుతాడు? అంతకన్నా ఆర్డర్ వద్దనడమే సులువు.

అయితే ఒక్క చోట ఈ గోడ ఇప్పటికే కూలిపోయింది. ఆ ఉదాహరణను మీరు గమనించాలి. ఇవాళ హైదరాబాద్‌లో, విజయవాడలో కాలేజీ కుర్రాడు కూడా బొమ్మ వేసిన టీషర్టుల బ్రాండ్ పెట్టగలుగుతున్నాడు. ఒక్క పీసు కూడా చేయించుకోగలుగుతున్నాడు. ఎందుకు? మామూలు సైజుల్లో, నలుపు, తెలుపు, నీలం లాంటి పదీ పదిహేను రంగుల్లో ఖాళీ టీషర్టులు ఎవరో పెద్ద ఎత్తున చేసి నిలవ పెట్టారు. కుర్రాడు ఒకటి కొని మీద ప్రింట్ వేయించుకుంటున్నాడు. రంగు దగ్గర, కటింగ్ దగ్గర, లైన్ దగ్గర ఉన్న మినిమమ్‌లన్నీ వేరేవాళ్లు ముందే భరించారు. కొత్త బ్రాండ్లలో అన్నన్ని టీషర్టు కంపెనీలు ఎందుకున్నాయని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. మన పిల్లలకు ఊహ లేక కాదు, దారి అక్కడొక్కచోటే తెరిచి ఉంది కనుక.

మిగతావాళ్లు ఏం చేస్తున్నారో కూడా చెబుతాను. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, విజయవాడ వస్త్రలతలో దొరికిన తాను కొనుక్కుని కుట్టిస్తారు. అది అమ్ముడై, జనం మెచ్చుకుని మళ్లీ అడిగేసరికి ఆ తాను ఉండదు. అదే బట్ట, అదే షేడ్ మళ్లీ దొరకదు. దొరికిన ప్రతి ఆదరణా అక్కడే తెగిపోతుంది. ఇంకొందరు సూరత్ క్యాటలాగ్ సరుకు తెచ్చి లేబుల్ మార్చుకుంటారు. తప్పని నేననను, వాళ్లకు మిగిలిన దారి అది. కానీ ఏటా డిజైనర్లను తయారుచేసే చదువుల మీద ఖర్చుపెట్టి, తర్వాత వాళ్లను క్యాటలాగ్ వ్యాపారులుగా మిగల్చడం రాష్ట్రానికి మంచిది కాదు.

చేనేతను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చిన్న ఆర్డర్ అనే మాటకు మన నేలలో ఎప్పటినుంచో జవాబుంది. పోచంపల్లిలో, మంగళగిరిలో, నారాయణపేటలో మగ్గం మీద ఒక పడుగు ఎక్కిస్తే అదే మినిమమ్. పేక రంగు మార్చుకుంటూ ఆ కొద్దిపాటి పడుగు మీదే తేడాలు చూపించగల పనివాడు నేతన్న. పెడనలో అచ్చులతో కలంకారీ అద్దేవాళ్లు కూడా కొద్ది మీటర్లకు పని ఒప్పుకోగలరు. మన దగ్గర కొత్త బ్రాండ్లు చేనేత వైపు రావడానికి ప్రేమ ఒక కారణమైతే, ఈ సౌలభ్యం రెండో కారణం. కానీ ఆ బట్టను చొక్కాగా, కుర్తాగా, ప్యాంటుగా సైజుల్లో కుట్టించే దగ్గరకొచ్చేసరికి మళ్లీ అదే ప్రశ్న, క్వాంటిటీ ఎంత? మగ్గం దగ్గర ఇరవై మీటర్లకు దొరికిన దారి కటింగ్ టేబుల్ దగ్గర మూసుకుపోతోంది. చేనేత చీర దాటి రోజువారీ దుస్తుల్లోకి రావాలని ప్రతి ఆగస్టు 7న చేనేత దినోత్సవ సభల్లో మాట్లాడుకుంటాం. ఆ మాట నిజం కావాలంటే యాభై పీసులు శుభ్రంగా కుట్టే చోటు కావాలి.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. పెద్ద పరిశ్రమలు వద్దని నేను చెప్పడం లేదు. అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ పార్కు ఉత్తరాంధ్ర ఆడపిల్లలకు వేలల్లో ఉద్యోగాలిచ్చింది. వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పత్తి పండించే జిల్లాకే మిల్లును తెచ్చింది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో అదీ ఒకటి, ఆ పథకానికి 4,445 కోట్లు కేటాయించారు. జౌళి రంగానికి 2021లో తెచ్చిన ఉత్పత్తి ప్రోత్సాహక పథకం విలువ 10,683 కోట్లు. అందులోకి రావాలంటే కనీస పెట్టుబడి మొదట ఒక వర్గానికి 300 కోట్లు, రెండో వర్గానికి 100 కోట్లు. 2025లో ఆ గీతను సగానికి తగ్గించారు. రాష్ట్రాల పాలసీలు కూడా పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అన్న కొలతల మీదే రాయితీలు ఇస్తాయి. ఈ కొలతలన్నీ ఎగుమతి ఆర్డర్లు చేసే పెద్ద లైన్లకు తగినవి. ఎంత పెద్ద లైన్ వస్తే అంత పెద్ద మినిమమ్ వస్తుంది. మన భూమి, మన నీళ్లు, మన కరెంటు రాయితీతో వచ్చిన యూనిట్ పక్క ఊళ్లో పుట్టిన బ్రాండ్‌కు గేటు కూడా తీయలేదు.

ఒకే పెద్ద ఆర్డర్ మీద బతకడం ఎలా ఉంటుందో సిరిసిల్లకు తెలుసు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ మరమగ్గాలను నడిపింది. ఏటా దాదాపు కోటి చీరలు. కార్మికుల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, వలసలు తగ్గాయి, అది మంచి పని. ప్రభుత్వం మారి ఆ ఆర్డర్ ఆగినప్పుడు మగ్గాలూ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చింది. అది ఎప్పుడైనా ఆగితే మళ్లీ అదే పరిస్థితి. ఒక పెద్ద కొనుగోలుదారుతో పాటు రెండు వందల మంది చిన్న కొనుగోలుదారులు ఉంటే మగ్గాలన్నీ ఒకేసారి ఆగవు. చిన్న బ్రాండ్లను నేను దయతో ఆదుకోమని అడగడం లేదు. వాళ్లు మన నేతకూ, మన కుట్టుకూ రేపటి భద్రత.

చిన్న లాట్లతో పెద్ద వ్యాపారం కుదరదనేవాళ్లకు చైనా ఉదాహరణ ఉంది. షీన్ కంపెనీ గ్వాంగ్‌జౌ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో ఒక్కో డిజైన్ మొదట 100 నుంచి 200 పీసులే కుట్టించి, అమ్ముడైనదాన్నే మళ్లీ చేయించే పద్ధతి మీద పెరిగింది.  కానీ ఆ వర్క్‌షాపుల్లో కొందరు వారానికి 75 గంటలు పనిచేస్తున్నారని 2021లో స్విట్జర్లాండ్ సంస్థ పబ్లిక్ ఐ బయటపెట్టింది. పద్ధతి నేర్చుకోవాలి, ఆ గంటలు మాత్రం మనకొద్దు. చిన్న ఆర్డర్ల లైన్‌లో పీస్ రేటు ఉండకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

నేను అడిగేవాటిలో మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, బట్ట బ్యాంకు. ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. మరమగ్గాల కోసం కేంద్రం పవర్‌టెక్స్ ఇండియా కింద నూలు బ్యాంకులు పెట్టింది. చిన్న నేతవాళ్లు కలిసి సంఘంగా ఏర్పడితే వడ్డీ లేకుండా 2 కోట్ల దాకా మూలధనం ఇచ్చింది. వాళ్లు నూలు టోకున కొని చిన్నవాళ్లకు చిన్న మొత్తాల్లో అమ్ముకునేవారు, డబ్బు తిరుగుతూ ఉండేది. నూలుకు చేసినదే రంగు వేసిన బట్టకూ చేయండి. టీషర్టు అల్లిక రెండు మూడు మందాల్లో, పాప్లిన్, కాంబ్రిక్, ట్విల్, డెనిమ్, మల్, లినెన్ కలిసిన నూలు ఇలా ఒక పది రకాల బట్టలు. ఒక్కోటి పాతిక స్థిరమైన షేడ్లలో. షేడ్ కార్డు అచ్చువేసి అందరికీ ఇవ్వండి. డైయింగ్ యూనిట్‌కు ఆర్డర్ నిండు లాట్‌గానే వెళ్తుంది, కాబట్టి అతనికి నష్టం లేదు. ఈ చివర కొనేవాళ్లు ఐదు కిలోలైనా పదిహేను మీటర్లైనా కొనుక్కోవచ్చు. మూడు నెలల తర్వాత అదే నంబర్ చెబితే అదే షేడ్ మళ్లీ దొరకాలి. ఒక్కో లాట్‌కు మందం ఎంత, ఎంత కుంచించుకుపోతుంది, రంగు నిలుస్తుందా అన్న పరీక్ష కాగితం జతచేయాలి. కొత్త బ్రాండ్ ఒంటరిగా చేయించుకోలేనివి ఇవే.

ఊళ్లో పిండిమర ఉన్నట్టు ఈ ఏర్పాటు ఉండాలి. అక్కడికి బస్తా తెచ్చినవాళ్లూ వస్తారు, శేరు గింజలు తెచ్చినవాళ్లూ వస్తారు, ఎవరి పిండి వాళ్లు తీసుకెళ్తారు. మర ఎవరికి వాళ్లు కొనక్కర్లేదు.

బ్యాంకులో లేని రంగు కావాలనేవాళ్లకు చిన్న డైయింగ్ యంత్రాలు కావాలి, పది, పాతిక, యాభై కిలోలవి. ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. తిరుపూర్ రంగునీళ్లు నొయ్యల్ నదిని ఏం చేశాయో దేశమంతా చూసింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో తిరుపూర్ డైయింగ్ యూనిట్లు మూతపడ్డాయి, చుక్క నీరు బయటికి వదలని శుద్ధి ఏర్పాటు చేసుకున్నాకే తెరుచుకున్నాయి. చిన్న లాట్లలో కిలోకు నీళ్లు ఎక్కువే ఖర్చవుతాయి. కాబట్టి ఈ యంత్రాలు వీధుల్లోని షెడ్లలో పెట్టించొద్దు. శుద్ధి కేంద్రం ఉన్న పార్కు లోపలే, దానికి కలిపే పెట్టాలి. పక్కనే ఒక డిజిటల్ ప్రింటింగ్ యంత్రం ఉంటే స్క్రీన్ల ఖర్చు పోతుంది, పది మీటర్లకు కూడా డిజైన్ వేసుకోవచ్చు.

రెండోది, చిన్న ఆర్డర్ల కుట్టు లైన్. పది పదిహేను మెషీన్లు, ఒక కటింగ్ టేబుల్, నమూనాలు గీసే కంప్యూటర్, కాజా-బటన్, ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్, ఐరన్. ముప్పై నుంచి రెండు వందల పీసుల దాకా మాత్రమే తీసుకోవాలి, అంతకు మించినవాళ్లను మామూలు యూనిట్లకు పంపాలి. ఒక్కొక్కరు ఒకే కుట్టు కాకుండా మూడు నాలుగు పనులు వచ్చినవాళ్లు ఉండాలి. జీతం నెలకు, మామూలు లైన్ కన్నా ఎక్కువగా, ఎందుకంటే ఇది ఎక్కువ నైపుణ్యం అడిగే పని. పెద్ద లైన్లలో ఏళ్ల తరబడి ఒకే కాలర్ కుట్టిన ఆడవాళ్లకు ఇక్కడ పూర్తి వస్త్రం కుట్టడం వస్తుంది. వాళ్లలో కొందరు రేపు సొంత యూనిట్ పెట్టుకుంటారు. హైదరాబాద్‌లో యంత్రపరికరాల నమూనాలు చేసుకోవడానికి 2023లో టీ-వర్క్స్ తెరిచారు, ఆడవాళ్ల వ్యాపారాలకు 2018 నుంచి వీ హబ్ ఉంది. బట్టల విషయంలో అదే శ్రద్ధ చూపమని అడుగుతున్నాను. చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకంలో ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు కేంద్రం డబ్బిస్తుంది, రాష్ట్రం ప్రతిపాదన పంపాలి, తన వాటా పెట్టాలి.

అనంతపురం జిల్లా రాయదుర్గం ఇలాంటి పనికి ఇప్పటికే సిద్ధంగా ఉన్న ఊరు. బళ్లారి జీన్స్ వ్యాపారంతో ముడిపడి అక్కడ ఇళ్లలో, చిన్న షెడ్లలో ప్యాంట్లు కుడతారు. చెయ్యి తిరిగిన పనివాళ్లున్నారు, లేనిది సొంత పేరు. అక్కడ డెనిమ్ బట్ట బ్యాంకు, ఒక చిన్న లైన్ పెడితే కొత్త బ్రాండ్లు వాళ్లను వెతుక్కుంటూ వస్తాయి.

మూడోది ఖర్చులేనిది. పెద్ద యూనిట్లకు రాయితీ ఇచ్చేటప్పుడు ఒక షరతో, ఒక అదనపు ప్రోత్సాహమో రాయండి. తమ శాంపిల్ సెక్షన్‌ను నెలలో కొన్ని రోజులు స్థానిక బ్రాండ్లకు ధర తీసుకునైనా తెరిచిన యూనిట్‌కు అదనపు మార్కులివ్వండి. ప్రతి పెద్ద ఫ్యాక్టరీలోనూ శాంపిల్ సెక్షన్ ఉంటుంది, మంచి మాస్టర్లుంటారు, ఎగుమతి సీజన్ల మధ్య వాళ్లకు ఖాళీ ఉంటుంది. ఈ పరిశ్రమలో పనిచేసినవాళ్లెవరినడిగినా ఇది చెబుతారు.

డబ్బు విషయంలో యజమానుల భయం తీర్చడం కూడా మీ చేతుల్లో ఉంది. ఉమ్మడి కేంద్రం ద్వారా వెళ్లే ఆర్డర్లకు మొత్తం సొమ్ము ముందే బ్యాంకు ఖాతాలో ఉంచి, శాంపిల్‌కు సరుకు సరిపోయిందని చెకింగ్‌లో తేలాక విడుదలయ్యేలా ఏర్పాటు చేయండి. కొత్త బ్రాండ్లకు కూడా నియమాలుండాలి. కొలతల పట్టిక, ఒప్పుకున్న శాంపిల్ లేకుండా ఆర్డర్ తీసుకోకూడదు, కటింగ్ అయ్యాక మార్పు కుదరదు. ఈ క్రమశిక్షణ నేర్చుకోని వాళ్లు ఎలాగూ నిలబడరు, నేర్పించే చోటు ఇదే కావాలి.

ఉచితంగా ఇవ్వమని నేను అడగను. యాభై పీసులకు పీసు ధర 500 పీసుల కన్నా ఎక్కువే ఉంటుంది, ఉండాలి. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది పీసుకు వంద రూపాయలు ఎక్కువైనా ఇస్తారు. 2,700 పీసుల బదులు 150 పీసులతో మొదలుపెట్టగలిగితే వాళ్ల నష్టం భరించగలిగినంతలో ఉంటుంది, పిల్లల ఫీజు డబ్బు జోలికి వెళ్లరు. ఈ కేంద్రాలు మొదటి రెండు మూడేళ్లు ప్రభుత్వ సాయంతో నడిచినా తర్వాత తమ ఖర్చు తాము రాబట్టుకోగలవని నా నమ్మకం. బట్ట బ్యాంకులో డబ్బు ఖర్చయిపోదు, బట్టగా మారి మళ్లీ డబ్బవుతుంది. నడపడం మాత్రం ఆఫీసు వేళల శాఖకు అప్పజెప్పొద్దు. కుట్టువాళ్లు, డైయింగ్ వాళ్లు, బ్రాండ్ల వాళ్లు ఉన్న సంఘానికి ఇచ్చి, లెక్కలు ప్రతి ఏడాదీ బయటపెట్టించండి.

రెండు రాష్ట్రాలూ విడివిడిగా చేయనక్కర్లేదు కూడా. షేడ్ కార్డు ఒకటే ఉండవచ్చు. వరంగల్‌లో అల్లిక బట్ట, మంగళగిరి, గుంటూరు వైపు నూలు చొక్కా గుడ్డ, రాయదుర్గంలో డెనిమ్ ఉంచుకుని ఒకరి సరుకు ఒకరు ఇచ్చిపుచ్చుకుంటే అదే పెట్టుబడితో రెట్టింపు రకాలు అందుతాయి. నదుల నీళ్ల దగ్గర కుదరని ఒప్పందం బట్ట దగ్గర కుదిరితే సంతోషించేవాళ్లలో నేను ముందుంటాను.

వచ్చే బడ్జెట్‌లో చేనేత, జౌళి పద్దు కింద బట్ట బ్యాంకుకు ఒక లైన్ పెట్టండి. వరంగల్ పార్కులో శుద్ధి కేంద్రానికి దగ్గరగా ఒక షెడ్డు, మంగళగిరిలో ఒక షెడ్డు, రాయదుర్గంలో ఒకటి కేటాయించండి. నిర్ణయం తీసుకునే ముందు ఇద్దరు ముగ్గురు డైయింగ్ యజమానులను, లైన్ మీద కుట్టే ఆడవాళ్లను, ఆర్డర్ దొరక్క ఆగిపోయిన బ్రాండ్ల వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వినండి. పిలిస్తే నేనూ వస్తాను, నా దగ్గరున్న ధరలూ లెక్కలూ అన్నీ మీ ముందు పెడతాను.

భవదీయురాలు,
ఒక గార్మెంట్ మర్చండైజర్,
హైదరాబాద్